శిక్ష తీరినా తీరని నిషేధం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బ్రయాన్ రేంజ్ అనే గృహస్థు ఫుడ్ స్టాంపుల దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. పేద కుటుంబాలకు తిండి ఖర్చు కోసం అక్కడి ప్రభుత్వం ఇచ్చే సాయం అది. ముగ్గురు పిల్లల తండ్రి. పచ్చిక కోసే పనికి గంటకు తొమ్మిది, తొమ్మిదిన్నర డాలర్ల కూలి. దరఖాస్తు నింపింది భార్య. అందులో భర్త సంపాదన పూర్తిగా చూపించలేదు. సంతకం తనది గనక తప్పూ తనదేనని 1995లో రేంజ్ కోర్టులో ఒప్పుకున్నాడు. అదనంగా తీసుకున్న 2,458 డాలర్లు తిరిగి కట్టాడు. 100 డాలర్ల జరిమానా, 288 డాలర్ల కోర్టు ఖర్చులు, మూడేళ్ల ప్రొబేషన్. జైలు గుమ్మం మాత్రం తొక్కలేదు.

1998లో తుపాకీ కొనబోతే నేరచరిత్ర తనిఖీలో పేరు ఆగిపోయింది. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందనుకుని భార్యే జింకల వేటకు ఒక రైఫిల్ తెచ్చి ఇచ్చింది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ కొనబోయాడు. మళ్లీ అదే జవాబు. అప్పుడు ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. ఆనాటి ఫుడ్ స్టాంపుల కేసు వల్ల బతికున్నంతకాలం అతను తుపాకీ పట్టుకోకూడదు. ఇంట్లో ఉన్న రైఫిల్‌ను డీలరుకు అమ్మేశాడు. తర్వాత కేంద్ర ప్రభుత్వం మీద కేసు వేశాడు. ఇన్నేళ్లలో అతని మీదున్న మచ్చలల్లా ట్రాఫిక్ చలాన్లు, లైసెన్సు లేకుండా చేపలు పట్టిన కేసు ఒకటి.

ఏడాదికి మించి జైలుశిక్ష పడే అవకాశమున్న నేరం ఏదైనా రుజువైతే ఆ మనిషి తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా కేంద్ర చట్టం చెబుతుంది. ఇక్కడ చూడాల్సింది 'పడే అవకాశమున్న' అన్న మాట. జడ్జి నిజంగా ఎంత శిక్ష వేశాడన్నది లెక్కలోకి రాదు. చట్టంలో ఆ నేరానికి రాసిన గరిష్ఠ శిక్ష ఎంతన్నదే కొలమానం. పెద్ద నేరాలను అక్కడ ఫెలనీ అంటారు, చిన్నవాటిని మిస్‌డిమీనర్ అంటారు. మిస్‌డిమీనర్‌కు రాష్ట్ర చట్టం రెండేళ్లకు మించని శిక్ష రాసి ఉంటే నిషేధం వర్తించదు. రేంజ్ చేసింది పెన్సిల్వేనియా లెక్కలో మిస్‌డిమీనరే. కానీ దానికి గరిష్ఠంగా అయిదేళ్లు వెయ్యొచ్చు. దాంతో అతను బ్యాంకు దోచినవాడి వరసలోకి చేరిపోయాడు.

ఈ వరస చాలా పొడవు. అమెరికా వయోజనుల్లో సుమారు 8 శాతం మందికి ఫెలనీ శిక్ష పడిన చరిత్ర ఉందని 2010 నాటి లెక్కలతో పరిశోధకులు అంచనా వేశారు. నల్లజాతి పురుషుల్లోనైతే ముగ్గురిలో ఒకరు. హత్య చేసినవాడు, చెల్లని చెక్కు ఇచ్చినవాడు, మాదకద్రవ్యాలు అమ్మినవాడు, పన్ను ఎగ్గొట్టినవాడు అందరికీ ఒకే నిషేధం, అదీ యావజ్జీవం.

మొదట్లో నిషేధం ఇంత విస్తృతంగా లేదు. 1938 నాటి కేంద్ర చట్టం హింసాత్మక నేరాలకు పాల్పడ్డవాళ్లనే లక్ష్యంగా పెట్టుకుంది. 1961లో దాన్ని ఏడాదికి మించి శిక్ష పడగల నేరాలన్నిటికీ విస్తరించారు. 1963లో అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిల్ పోస్టులో ఆర్డరిచ్చి తెప్పించుకున్నదని తేలాక దేశం ఉలిక్కిపడింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో కెనడీ తమ్ముడు రాబర్ట్ కాల్పులకు బలయ్యారు. ఆ ఏడాదే వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ఇప్పుడున్న నిషేధానికి రూపమిచ్చింది. 1996లో భార్యనో సహచరినో కొట్టి చిన్నపాటి శిక్ష పడినవాళ్లనూ అందులో చేర్చారు. 1998 నవంబరు 30 నుంచి దేశవ్యాప్త కంప్యూటర్ తనిఖీ మొదలైంది. లైసెన్సున్న దుకాణంలో తుపాకీ కొనేవాళ్లు ఒక ఫారం నింపాలి. ఏడాదికి మించి శిక్ష పడగల నేరమేదైనా మీ మీద రుజువైందా అని అందులో అడుగుతారు. అబద్ధం రాస్తే అదే మరో నేరం.

నిషేధం ఎంత దూరం వెళ్తుందో ఇంట్లోకి తొంగి చూస్తే గానీ అర్థం కాదు. భార్య పేరు మీదున్న తుపాకీ అలమారాలో ఉండి, తాళంచెవి భర్తకు అందుబాటులో ఉంటే అది భర్త దగ్గర ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించవచ్చు. తుపాకీ లేకుండా ఒట్టి తూటా దొరికినా నేరమే. టెనసీలో ఒకాయన చనిపోయిన పొరుగింటాయన సామాన్లు అమ్మిపెట్టడంలో అతని భార్యకు సాయం చేశాడు. ఆ సామాన్లలో వచ్చిన ఏడు షాట్‌గన్ తూటాలు ఆయన ఇంట్లో ఉండిపోయాయి. దొంగతనాల అనుమానంతో సోదాకు వచ్చిన పోలీసులకు అవి దొరికాయి. తుపాకీ లేదు. కానీ ఇరవై ఏళ్ల కిందటి దొంగతనం శిక్షలు ఉండడంతో, పదే పదే నేరం చేసినవాళ్లకు కనీసం 15 ఏళ్లు వెయ్యాలన్న చట్టం ఆయనకు వర్తించింది. జడ్జికి తగ్గించే వీలే లేకపోయింది. ఈ నిషేధాల కింద కేంద్ర కోర్టుల్లో ఏటా ఏడు వేల మందికి పైగా శిక్షలు పడుతున్నాయి. వాళ్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లే.

వేటగాళ్లకు చట్టం ఒక సందు వదిలింది. పాతకాలం తరహాలో గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీని కేంద్ర చట్టం తుపాకీగా లెక్కించదు. పెన్సిల్వేనియా పల్లెల్లో జింకల వేట ఇంటిల్లిపాదికీ పండగ. థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం వేట మొదలయ్యే రోజుల్లో చాలా బళ్లకు సెలవు ఇచ్చేవారు. తాత, తండ్రి, కొడుకు కలిసి అడవికి పోయే ఆ రోజున నిషేధం ఉన్న మనిషికి మిగిలేవి ఆ మందు తుపాకీ, లేదంటే విల్లంబులు. కొన్ని రాష్ట్రాలైతే మందు తుపాకీని కూడా ఒప్పుకోవు.

పదేళ్లో ఇరవై ఏళ్లో బుద్ధిగా బతికి, నాకు హక్కు తిరిగి ఇవ్వండి అని అడగడానికి ఒక దారంటూ ఉండాలి కదా? 1965లో అలాంటి దారి తెరిచారు. అది తెరుచుకున్నది పేదవాడి కోసం కాదు. వించెస్టర్ తుపాకులు తయారు చేసే కంపెనీ యాజమాన్యం ముడుపుల కేసులో నేరం ఒప్పుకుంది. నేరం రుజువైన కంపెనీ తుపాకులు అమ్మకూడదు. ఆ చిక్కు విప్పడానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ మినహాయింపు పద్ధతి తెచ్చింది. అది వ్యక్తులకూ వర్తించింది. దరఖాస్తు పెట్టుకుంటే తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ ఆ మనిషి నడవడి విచారించి, సమాజానికి ముప్పు లేదనుకుంటే హక్కు తిరిగి ఇచ్చేది. అలా ఇచ్చినవాళ్లలో కొందరు మళ్లీ నేరాలు చేశారని విమర్శలు వచ్చాయి. 1992లో కాంగ్రెస్ ఆ పనికి డబ్బు ఖర్చు పెట్టొద్దని ఏటీఎఫ్‌ను ఆదేశించింది. చట్టం పుస్తకంలో అలాగే ఉంది. దరఖాస్తు తీసుకునే గుమాస్తా మాత్రం లేకపోయాడు. ముప్పై ఏళ్లకు పైగా ఇదే తంతు నడిచింది.

ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డవాళ్లలో టెక్సస్ తుపాకుల వ్యాపారి థామస్ బీన్ ఒకడు. 1998లో ఒక ప్రదర్శన ముగించుకుని, సరిహద్దు దాటి మెక్సికోలోని న్యూవో లరేడోలో భోజనానికి వెళ్లాడు. కారు వెనక సుమారు 200 తూటాల పెట్టె ఉండిపోయింది. మెక్సికో కోర్టు శిక్ష వేసింది. దాంతో అమెరికాలో అతని వ్యాపారమే ఆగిపోయింది. దరఖాస్తు పెడితే డబ్బుల్లేవని ఏటీఎఫ్ తిప్పి పంపింది. 2002లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: ఏటీఎఫ్ నిర్ణయమే చెప్పనప్పుడు కోర్టులు ఆ పని నెత్తిన వేసుకోలేవు. మూడేళ్లకు, 2005లో, జపాన్‌లో శిక్ష పడిన మరొకరి కేసులో విదేశీ కోర్టుల శిక్షలు ఈ నిషేధం కిందికి రావని అదే సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు ఈ నిషేధాల చట్టంలోనే ఇంకో వాక్యం గుర్తుపెట్టుకోవాలి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు తుపాకీ కొనవచ్చు. హెచ్-1బీ మీదో విద్యార్థి వీసా మీదో ఉన్నవాళ్లకు అది నిషిద్ధం. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. వారాంతంలో స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్లి సరదాగా అద్దె తుపాకీ పేల్చడం కూడా దీని కిందికే వస్తుంది. యూఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వచ్చిన రెహైఫ్ అనే యువకుడు మార్కులు రాక కాలేజీ నుంచి బయటికొచ్చాడు. దాంతో వీసా పోయింది. తర్వాత రేంజిలో తుపాకీ పేల్చాడని కేసు పడింది. తాను నిషేధం ఉన్న వర్గంలో ఉన్నానని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో సుప్రీంకోర్టు 7-2తో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు వచ్చేసరికి అతను శిక్ష అనుభవించేశాడు. తుపాకీ నేరం రుజువైతే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకైనా దేశ బహిష్కరణ ముప్పు ఉంటుంది.

మన దేశంలో ఈ ప్రశ్న ఇంత వేడెక్కకపోవడానికి కారణం ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం హింస లేదా నైతిక భ్రష్టత్వంతో కూడిన నేరంలో జైలుశిక్ష పడినవాళ్లు శిక్ష పూర్తయిన నాటి నుంచి అయిదేళ్లు ఆయుధం ఉంచుకోకూడదు. అంటే కాగితం మీద మన చట్టమే మెతక. కానీ ఇక్కడ తుపాకీ ఎవరికీ హక్కు కాదు. అధికారి లైసెన్సు ఇస్తేనే ఉంటుంది, లేదంటే లేదు. అమెరికాలో రాజ్యాంగం రెండో సవరణ ఆయుధాన్ని హక్కు చేసింది. హక్కును ఎప్పటికీ తీసెయ్యాలంటే ప్రభుత్వం కారణం చెప్పుకోవాలి.

ఆ కారణం ఏమిటన్నదే ఇప్పుడు కోర్టుల్లో నలుగుతోంది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో ఆయుధం వ్యక్తిగత హక్కని చెప్పింది. నేరస్థుల మీదున్న పాత నిషేధాల జోలికి తాము పోవడం లేదని ఆ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా అప్పుడే స్పష్టం చేశారు. 2019లో అప్పీళ్ల కోర్టులో ఉన్న ఏమీ కోనీ బారెట్ ఒక కేసులో భిన్నాభిప్రాయం రాశారు. పాదాల జబ్బులున్నవాళ్ల బూట్లు అమ్మే వ్యాపారి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్‌ను మోసం చేసిన కేసు అది. చరిత్రలో ప్రభుత్వాలు ఆయుధాలు లాక్కున్నది ప్రమాదకరమైనవాళ్ల దగ్గరి నుంచేనని ఆమె వాదన. ఇప్పుడామె సుప్రీంకోర్టు న్యాయమూర్తి. 2022లో బ్రూయెన్ కేసు తీర్పు మరో అడుగు ముందుకేసింది. తుపాకీ ఆంక్ష ఏదైనా దేశపు చారిత్రక సంప్రదాయంతో సరిపోలాలంది. అప్పటి నుంచి న్యాయవాదులు పద్దెనిమిదో శతాబ్దపు శాసనాలు తిరగేయడం మొదలుపెట్టారు. 1786-87లో మసాచుసెట్స్‌లో షేస్ తిరుగుబాటు జరిగింది. అందులో పాల్గొన్నవాళ్లు క్షమాభిక్ష కోసం తుపాకులు అప్పగించారు, మూడేళ్లకే. అదీ సాయుధ తిరుగుబాటుకు. ఫుడ్ స్టాంపుల కేసుకు జీవితకాలమా అన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర గట్టి జవాబు లేదు.

ఈ చరిత్రకు చీకటి పార్శ్వమూ ఉంది. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపి రాష్ట్రం నల్లవాళ్లు అనుమతి లేకుండా తుపాకీ పట్టుకోకూడదని శాసనం చేసింది. 1956లో మాంట్‌గోమరీలో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ అనుమతి అడిగితే అలబామా అధికారులు నిరాకరించారు. 'ప్రమాదకరమైన మనిషి' అన్న ముద్ర ఎవరి మీద వేయాలో నిర్ణయించే చెయ్యి ఎప్పుడూ నిష్పక్షపాతంగా లేదు. అందుకే ప్రమాదం ఉందా లేదా అన్నది మనిషి మనిషికీ, ఆధారాలతో తేలాలి.

2023లో ఫిలడెల్ఫియాలోని మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు రేంజ్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఈలోగా సుప్రీంకోర్టులో రహీమీ కేసు వచ్చింది. సహచరిని కొట్టి, కోర్టు రక్షణ ఉత్తర్వు ఉండగానే తుపాకులు పెట్టుకున్న టెక్సస్ యువకుడి కేసు అది. ఇతరుల ప్రాణానికి ముప్పుగా ఉన్నాడని కోర్టు తేల్చినవాడి దగ్గరి నుంచి ఆయుధం తీసెయ్యవచ్చని 2024 జూన్‌లో 8-1తో తీర్పు వచ్చింది. ఆ వెలుగులో మళ్లీ చూడమంటే 2024 డిసెంబరులో మూడో సర్క్యూట్ మళ్లీ రేంజ్ వైపే నిలబడింది. ఈసారి 13-2.

ఉటా రాష్ట్రంలో మెలిండా విన్సెంట్ అనే ఆమెకు ఆ అదృష్టం దక్కలేదు. మత్తుకు బానిసగా ఉన్న రోజుల్లో కిరాణా దుకాణంలో 498 డాలర్ల 12 సెంట్ల దొంగ చెక్కు ఇచ్చింది. ఫెలనీ అయింది. తర్వాత వ్యసనం వదిలించుకుని చదువుకుంది, సామాజిక కార్యకర్త అయింది. తుపాకీ హక్కు అడిగితే పదో సర్క్యూట్ కోర్టు 2025 ఫిబ్రవరిలో మరోసారి కాదంది. ఫెలనీ అంటే ఫెలనీయే, మనిషి మనిషికీ విచారణ అక్కర్లేదన్నది ఆ కోర్టు దృష్టి. అదే ఏడాది మే నెలలో కాలిఫోర్నియాను ఏలే తొమ్మిదో సర్క్యూట్ కూడా ఆ వైపే మొగ్గింది. పెన్సిల్వేనియాలో ఉంటే ఒక న్యాయం, ఉటాలో ఉంటే ఇంకో న్యాయం. ఒకే రాజ్యాంగం కింద ఇది నిలిచే పద్ధతి కాదు.

ఇంకోవైపు భయమూ నిజమే. తుపాకీ తిరిగి ఇవ్వడమంటే ఓటు తిరిగి ఇచ్చినట్టు కాదు. ఫ్లోరిడా ఓటర్లు 2018లో శిక్ష ముగించుకున్న చాలామందికి ఓటు హక్కు ఇచ్చారు. తుపాకీ కావాలంటే మాత్రం అక్కడ ఎనిమిదేళ్లు ఆగి క్షమాభిక్ష బోర్డు ముందుకెళ్లాలి. ఆ తేడా సమంజసమే. చిన్న నేరం ఉన్నంత మాత్రాన మనిషి ప్రమాదకరం కాడని ముందే తీర్మానించుకోవడానికీ లేదు. కాలిఫోర్నియాలో చేతి తుపాకులు కొన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి గారెన్ వింటెమ్యూట్ బృందం 1998లో ఒక అధ్యయనం ప్రచురించింది. గతంలో మిస్‌డిమీనర్ శిక్ష ఉన్నవాళ్ల మీద కొత్త కేసులు పడే అవకాశం, ఏ మచ్చా లేనివాళ్లతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉందని తేలింది. భార్యను హింసించేవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆమె హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని 2003లో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం చూపించింది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి ఈ చర్చ ప్రాణంతో సమానం. గృహహింస చరిత్ర ఉన్నవాడి దరఖాస్తుకు ఎంత కఠినమైన వడపోత పెట్టినా తక్కువే.

వడపోత లేకపోతే ఏమవుతుందో వాషింగ్టన్ రాష్ట్రం చూసింది. అక్కడ నిర్ణీత గడువు గడిచి కాగితాలు సరిగ్గా ఉంటే జడ్జి హక్కు తిరిగి ఇవ్వాల్సిందే. మనిషిని తూచే విచక్షణ దాదాపు లేదు. 1995 నుంచి 3,300 మందికి పైగా అలా తుపాకీ హక్కు పొందారని, వాళ్లలో 400 మందికి పైగా మళ్లీ నేరం చేశారని 2011లో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన బయటపెట్టింది. దాదాపు 13 శాతం. నూటికి ఎనభై ఏడుగురు నేరానికి పోలేదన్నదీ ఆ లెక్కే చెబుతోంది. ఆ పదమూడుగురిని ముందే పట్టుకునే ప్రయత్నం మాత్రం ఎవరూ చెయ్యలేదు.

పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్లూమ్‌స్టీన్, కిమినోరి నకమూరా న్యూయార్క్ రాష్ట్రం రికార్డులు తీసి 2009లో ఒక లెక్క కట్టారు. 18 ఏళ్ల వయసులో దోపిడీ కేసులో అరెస్టయినవాడు 7.7 ఏళ్లు ఏ కేసూ లేకుండా గడిపితే, ఆ తర్వాత అతను అరెస్టయ్యే అవకాశం అదే వయసు మామూలు జనంతో సమానమవుతుంది. ఇంటి దొంగతనమైతే 3.8 ఏళ్లు చాలు. నేరం ఏమిటి, అప్పటి వయసెంత, ఆ తర్వాత ఎన్నేళ్లు శుభ్రంగా గడిచాయి అని చూస్తే మనిషి గురించి చాలా తెలుస్తుంది. చట్టం వీటిలో ఒక్కటీ అడగదు.

2025 మార్చిలో మూసిన తలుపు కదిలింది. హక్కు తిరిగి ఇచ్చే అధికారాన్ని ఏటీఎఫ్ నుంచి తప్పించి న్యాయశాఖ నేరుగా తీసుకుంది. ఏప్రిల్‌లో మొదటి పది మంది జాబితా వచ్చింది. అందులో నటుడు మెల్ గిబ్సన్ ఉన్నాడు. 2011లో అప్పటి సహచరిని కొట్టిన కేసులో అతనికి మిస్‌డిమీనర్ శిక్ష పడింది. అతని పేరు సిఫారసు చెయ్యడానికి నిరాకరించిన మరుసటి రోజే తనను తొలగించారని క్షమాభిక్షల విభాగం అధిపతి ఎలిజబెత్ ఓయర్ చెప్పారు. రెండింటికీ సంబంధం లేదని న్యాయశాఖ పెద్దలు అన్నారు. ఏది నిజమైనా, ముప్పై మూడేళ్లు మామూలు జనానికి మూసి ఉన్న తలుపు తెరుచుకోగానే ముందుగా నడిచినవాళ్లలో గృహహింస చరిత్ర ఉన్న ఒక సినిమా తార ఉండడం మంచి ఆరంభం కాదు.

ఆ ఏడాది జులైలో న్యాయశాఖ దరఖాస్తుల నియమాల ముసాయిదా ప్రకటించింది. దాని ప్రకారం హింసాత్మక నేరాలు చేసినవాళ్లు, లైంగిక నేరస్థుల పట్టికలో ఉన్నవాళ్లు, అక్రమంగా దేశంలో ఉన్నవాళ్లు మామూలుగా అనర్హులే. మిగతావాళ్ల విషయంలో వాషింగ్టన్ రాష్ట్రం తప్పు మళ్లీ జరగకూడదంటే కాగితాలు చూసి ముద్ర వెయ్యడం చాలదు. ఊళ్లోకి వెళ్లి విచారించే సిబ్బంది కావాలి, వాళ్లకు జీతాలు కావాలి, ఆ నేరంలో దెబ్బతిన్న మనిషిని కూర్చోబెట్టి అడిగే తీరిక కావాలి. కాంగ్రెస్ 1992లో ఆపేసింది సరిగ్గా ఈ ఖర్చునే.

కేంద్రం హక్కు తిరిగి ఇచ్చినా రాష్ట్రం నిషేధం అలాగే ఉంటుంది. తిరగేసి చూసినా అంతే. టెక్సస్ చట్టం ప్రకారం ఫెలనీ శిక్ష నుంచి విడుదలైన అయిదేళ్ల తర్వాత ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చు. అదే ఇల్లు, అదే తుపాకీ కేంద్ర చట్టం కింద నేరం, గరిష్ఠంగా 15 ఏళ్లు. డాలస్ పోలీసు ఏమీ అనకుండా వెళ్లిపోయినా, మరుసటి రోజు కేంద్ర ఏజెంటు వచ్చి తలుపు కొట్టవచ్చు. అక్కడి లాయర్లు ఇలాంటి మనిషి వస్తే రెండు చట్టాల పత్రాలూ బల్ల మీద పెట్టి, రెండూ తేలేదాకా తూటా కూడా ముట్టుకోవద్దని చెప్పి పంపుతారు.